ఉకులేలే మెడకు కర్ర ఎంచుకోవడం ఎలా?

"మెడకు ఏ కర్ర వాడాలండీ?" ఉకులేలే, అంటే గిటారును పోలిన చిన్న నాలుగు తీగల వాద్యం, చేద్దామని కూర్చున్నవాళ్లు నన్ను మొట్టమొదట అడిగే మాట ఇది. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పి చెప్పి, చివరకు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

తొందరలో ఉన్నవారికి జవాబు ఇదిగో: మహాగని దొరికితే మహాగని. లేకపోతే తూన్. రెండూ లేకపోతే పాత ఇంటి ద్వారబంధం నుంచి వచ్చిన టేకు. అయితే ఇది చదివి వెంటనే అడితికి పరుగెత్తకండి. ఒకే దుంగ నుంచి కోసిన రెండు ముక్కల్లో ఒకటి ఏళ్ల తరబడి తిన్నగా నిలుస్తుంది, రెండోది మొదటి వేసవికే విల్లులా వంగుతుంది. చెట్టు పేరు ఎవరైనా చెబుతారు. ముక్కను చూసి మంచిచెడులు తేల్చుకోవడం మాత్రం మీరే నేర్చుకోవాలి.

వీణలో దండి చేసే పనే ఉకులేలేలో మెడ చేస్తుంది. తీగల లాగుడును తట్టుకుంటూ మెట్లన్నింటినీ ఒకే వరుసలో నిలబెట్టాలి. ఉకులేలేకు ఉండేవి నాలుగు నైలాన్ తీగలు. సైజును బట్టి, తీగల రకాన్ని బట్టి అవి నాలుగూ కలిసి లాగేది సుమారు 15 నుంచి 20 కిలోలు. ఉక్కు తీగల గిటారులో ఇది 70 కిలోలు దాటుతుంది. అందుకే గిటారు మెడలో ఇనుప కడ్డీ పెడతారు. మెడ వంగితే మర తిప్పి సరిచేస్తారు. ఉకులేలేకు ఆ కడ్డీ అక్కరలేదు. దానివల్ల పని సులువే, కానీ తరవాత మెడ వంగితే తిప్పడానికి మర కూడా ఉండదు. కర్ర ఎంచుకునేటప్పుడు చేసిన తప్పు అలాగే ఉండిపోతుంది.

నా మొదటి మెడ అలాంటిదే. గోదావరి జిల్లాలో జోరు వానల్లో కొన్న పనస ముక్క అది. పసుపు రంగు, అలలు అలలుగా గీతలు. చూడగానే ముచ్చటపడి, వారంలో చెక్కేసి, హైదరాబాద్ తీసుకొచ్చాను. ఏప్రిల్ వచ్చేసరికి పన్నెండో మెట్టు దగ్గర తీగ కింద అగ్గిపుల్ల దూరాల్సిన చోట పెన్సిల్ దూరింది. తప్పు పనస చెట్టుది కాదు. బొబ్బిలి వీణలన్నీ పనస కర్రతోనే చేస్తారు కదా! పచ్చి ముక్కను, అందులోనూ నార అటూ ఇటూ పోయిన ముక్కను కొన్నది నేనే.

కావలసినవి

- వంటింటి డిజిటల్ తూకం (ఒక గ్రాము వరకు చూపించేది)
- 30 సెం.మీ. స్టీలు స్కేలు, మూలమట్టం
- పదునైన చిన్న చిత్రిక, ఒక ఉలి, రంపం
- సిరా పెన్ను, లేదా సిరా సీసా, అగ్గిపుల్ల
- చిన్న అయస్కాంతం (పాత కలప కొనేవారికి తప్పనిసరి)
- ఫోనులోని టార్చిలైటు
- లీటరు నీళ్ల సీసా
- పెన్సిల్, నోటు పుస్తకం

తేమ మీటరు ఉంటే మంచిదే. లేకపోయినా పని ఆగదు.

1. ముందు కొలత రాసుకోండి

మెడ, తల (బిరడాలుండే కొస), మడమ (మెడ నాదపు పెట్టెకు అతికే లావు భాగం) మూడింటినీ ఒకే లావు దిమ్మె నుంచి చెక్కితే సగం కర్ర పొట్టుగా పోతుంది. ఇంట్లో చేసుకునేవారికి ఒక్క పలక చాలు. తల దగ్గర ఏటవాలుగా కోసి, ఆ ముక్కను తిప్పి అతికిస్తే తల వెనక్కి వాలుతుంది. మిగిలిన తునకలను ఒకదానిపై ఒకటి అతికిస్తే మడమ వస్తుంది.

సోప్రానోకు (చిన్న సైజు ఉకులేలే) 55 సెం.మీ. పొడవు, 7.5 సెం.మీ. వెడల్పు, 2.2 నుంచి 2.5 సెం.మీ. మందం ఉన్న పలక కావాలి. టెనర్‌కు (పెద్ద సైజు) పొడవు 65 సెం.మీ. ఉండాలి. ఇవి చిత్రిక పట్టాక మిగలాల్సిన కొలతలు. కొనేటప్పుడు మందం అర సెంటీమీటరు, పొడవు ఐదు సెంటీమీటర్లు ఎక్కువ చూసుకోండి. చివర్లలో సన్నటి నెర్రలు ఎప్పుడూ ఉంటాయి, అవి కోసి పారేయాలి.

వెడల్పు దొరకకపోతే దిగులు పడకండి. 5 సెం.మీ. వెడల్పున్న ముక్కతోనూ పని జరుగుతుంది. తల భాగానికి రెండు పక్కలా చెవుల్లా చిన్న ముక్కలు అతికించుకోవచ్చు.

2. ఎక్కడ వెతకాలి

అడితిలో కలప ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. మీకు కావలసింది అందులో పదిహేనో వంతు కూడా ఉండదు. "ఇంత ముక్కతో పీట కూడా రాదు కదండీ, ఏం చేస్తారు?" అని ఒక అడితి పెద్దాయన నన్ను జాలిగా అడిగారు. కొత్త దుంగ కోయించుకోవాలని చూడకండి. ద్వారబంధాలు, మంచాలు చేసే వడ్రంగుల దగ్గర మిగిలిపోయిన కొసలు అడగండి. వాళ్లు పొయ్యికి పంపే ముక్కల్లో మీ మెడ ఉండవచ్చు.

నాకు బాగా ఇష్టమైన చోటు పాత ఇళ్ల కలప అమ్మే దుకాణం. దూలాలు, వాసాలు, కిటికీ చట్రాలు గుట్టలుగా పడి ఉంటాయి. దశాబ్దాల పాటు ఎండావానలను చూసిన టేకు ఇక వంగేది పెద్దగా ఉండదు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. అయస్కాంతాన్ని నాలుగు వైపులా నెమ్మదిగా జరిపి లోపల మేకులు ఉన్నాయేమో చూడండి. పాత రంగు ఉంటే పొడిగా గీకకండి, అందులో సీసం ఉండవచ్చు. ముఖానికి మాస్కు కట్టుకుని, ఇంటి బయట చిత్రికతో పొరలుగా తీసేయండి.

అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్నవారికి వెతుకులాట తక్కువ. గట్టి కలప అమ్మే దుకాణాల్లో హోండురస్ మహాగని, స్పానిష్ సెడార్, మేపుల్ ఆరబెట్టినవే దొరుకుతాయి. అయినా కింద 4వ అంశం నుంచి చెప్పిన పరీక్షలన్నీ చేయాల్సిందే.

3. చెట్టు పేరు: ఏవి పనికొస్తాయి, ఏవి రావు

ఉకులేలే పుట్టిల్లు హవాయి. 1879లో మదీరా దీవి నుంచి రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో హోనలూలుకు వచ్చిన పోర్చుగీసు వడ్రంగులు తమ చిన్న నాలుగు తీగల వాద్యాన్ని అక్కడి కోవా కర్రతో చేయడం మొదలుపెట్టారు. కోవా హవాయిలో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. మెడకు అదే కావాలని పట్టుబట్టి కొరియర్ ఖర్చులు పెట్టుకోవద్దు.

మహాగని: తేలిక, నిలకడ, చెక్కడానికి అనువు. మూడూ ఒకేచోట ఉండటం అరుదు. ఇప్పుడు మన రైతులు పొలాల్లో, గట్లమీద మహాగని పెంచుతున్నారు. కానీ వయసులో చిన్న చెట్టులో చేవ తక్కువ, తెల్ల కర్ర ఎక్కువ. ఎర్రటి చేవ భాగం నుంచి వచ్చిన ముక్కనే తీసుకోండి.

తూన్: మహాగనికి దగ్గరి చుట్టం. ఉత్తర భారతంలో సితార్లకు టేకుతో పాటు దీన్నే వాడతారు. మహాగనికన్నా తేలిక, కొంచెం మెత్తన. సోప్రానోకు, కాన్సర్ట్‌కు (మధ్య సైజు) చక్కగా సరిపోతుంది. మహాగని, తూన్, స్పానిష్ సెడార్ మూడూ మన వేప కుటుంబానివే. మరి వేప? చెక్కాను, మళ్లీ చెక్కను. బరువు, ఎదురు నార (పోగులు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో పోవడం), పైగా ఆరేటప్పుడు పగుళ్లు.

టేకు: గట్టిది, వంగనిది, ఊరూరా దొరికేది. రెండు ఇబ్బందులున్నాయి. ఉలి అంచును త్వరగా మొద్దు చేస్తుంది. ఇక అందులోని నూనె జిగురును పట్టనివ్వదు. అతికించే ముందు ఆ ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు రాయండి. మర్నాడు అతికిద్దామని వదిలేస్తే నూనె మళ్లీ పైకి తేలుతుంది. టేకు పొట్టు కొందరి ఒంటికి పడదు, దురద వస్తే మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

పనస: బాగా ఆరినదై, నార తిన్నగా ఉంటే మంచి మెడ. పసుపు రంగు నాలుగేళ్లలో వెలుతురుకు గోధుమ రంగులోకి తిరుగుతుంది, అది లోపం కాదు.

మామిడి: హవాయిలో దీనితో ఉకులేలే నాదపు పెట్టెలు అందంగా చేస్తారు. మెడకు మాత్రం చాలా వెతికితే గానీ తిన్నటి ముక్క దొరకదు, పుచ్చు కూడా త్వరగా పడుతుంది.

సిల్వర్ ఓక్: అరకు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే చెట్టు. మెడకు సరిపోయే బరువే. దీని పొట్టు కూడా కొందరికి చర్మంపై మంట పుట్టిస్తుంది.

జిట్రేగి (రోజ్‌వుడ్): మెట్లు దిగేసే పలకకు ఇంతకన్నా మంచిది లేదు. మెడ మొత్తానికి వాడితే మాత్రం మోయలేనంత బరువు.

పొణికి: కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు చేసేది దీనితోనే. గోరు నొక్కితే దిగేంత మెత్తన. బొమ్మకు అది గుణం. బిరడాలు, తీగల లాగుడు మోయాల్సిన మెడకు అది పనికిరాదు.

ఎర్రచందనం: జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ దీనితో చేస్తారు, నిజమే. కానీ అది నీళ్లలో మునిగేంత బరువైన కర్ర, చట్టం కాపు కాసే చెట్టు. ఎవరైనా "చిన్న ముక్క ఉంది, ఇస్తాను" అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

ప్లైవుడ్, ఎండీఎఫ్, ప్యాకింగ్ పెట్టెల పైన్ గురించి కూడా అడుగుతుంటారు. మొదటి రెండూ వద్దు. పైన్ పట్టీలో ముడులు లేని భాగం దొరికితే నేర్చుకోవడానికి చెక్కి చూడండి, నష్టం లేదు.

4. బరువు తూచండి

ముక్కను నాలుగు వైపులా తిన్నగా కోసి, పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించండి. తూకంలో వచ్చిన గ్రాములను ఆ సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు 20 × 7.5 × 2.5 అంటే 375. ముక్క 210 గ్రాములు తూగితే 0.56.

0.45 నుంచి 0.65 మధ్య వస్తే నిశ్చింతగా తీసుకోండి. 0.7 వరకు ఉన్నా మెడను కాస్త సన్నగా చెక్కి సర్దుకోవచ్చు. 0.4 కన్నా తక్కువైతే వదిలేయండి. ఇప్పుడే కోసిన పచ్చి కర్రకు ఈ లెక్క పనికిరాదు, నీటి బరువు కూడా కలిసి వస్తుంది.

ఈ లెక్క ఎందుకంటే, చెక్కడం పూర్తయిన సోప్రానో మెడ, తల, మడమ కలిపి సుమారు 250 ఘన సెంటీమీటర్లు ఉంటాయి. మహాగనితో అది 140 గ్రాముల లోపు, జిట్రేగితో 200 దాటుతుంది. వాద్యం మొత్తం 400 గ్రాముల చుట్టుపక్కల ఉన్నప్పుడు, తల వైపు అదనంగా పడే ఆ 70 గ్రాముల తేడాకు ఉకులేలే చేతిలో ముందుకు ఒరిగిపోతుంది. వాయిస్తున్నంతసేపూ ఎడమచేత్తో మోస్తూనే ఉండాలి.

5. నార చదవండి

ఇక్కడ తొందరపడకండి. మిగతావన్నీ బాగుండి ఇది తప్పితే మెడ దక్కదు.

ముందు ముక్క కొసను చూడండి. కొసను చిత్రికతో గానీ పదునైన ఉలితో గానీ శుభ్రం చేసి, తడి గుడ్డతో తుడిస్తే ఏటేటా వేసిన వలయాల గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు ముక్క మందం దిశలో నిలువుగా నిలబడి ఉంటే మొదటి రకం. అడ్డంగా పడుకుని ఉంటే రెండో రకం. మూల నుంచి మూలకు ఏటవాలుగా ఉంటే తేమ మారినప్పుడు మెలి తిరిగే ప్రమాదం ఎక్కువ. నిలువు గీతలే కావాలని చాలామంది పట్టుబడతారు. నేను పట్టుబట్టను. అడ్డం గీతలున్నా పొడవునా నార తిన్నగా ఉన్న ముక్క, నిలువు గీతలుండి నార పక్కకు జారిన ముక్కకన్నా ఎంతో నయం.

ఇప్పుడు పొడవునా చూడండి. కంటికి కనిపించే రంగు గీతలను నమ్మవద్దు, అవి మోసం చేస్తాయి. చిత్రిక పట్టిన నున్నటి ముఖంపై సిరా చుక్క పెట్టండి. అగ్గిపుల్ల కొసతో పెడితే చాలు. ఒక నిమిషం ఆగితే చుక్క రెండు వైపులా సన్నటి మీసాల్లా పాకుతుంది. ఆ మీసాలే నార పోతున్న దిక్కు. వెడల్పు ముఖంపై ఒకటి, పక్క ముఖంపై ఒకటి, ముక్క రెండు కొసల దగ్గర, మధ్యలో పెట్టి చూడండి. మీసాల వెంట పెన్సిల్ గీత గీసి, అంచు నుంచి ఎంత పక్కకు జారిందో కొలవండి. 20 సెం.మీ. పొడవులో ఒక సెంటీమీటరు వరకు జారితే ఫర్వాలేదు. అంతకు మించితే మెడకు వద్దు.

పక్క ముఖంపై జారుడు మరీ ప్రమాదం. సుమారు 1.5 సెం.మీ. మందానికి చెక్కాక నార మెడ వీపు నుంచి బయటకు వచ్చేస్తుంది. తల కింద సన్నటి చోట ఒక్క దెబ్బ తగిలితే అక్కడే పుటుక్కున విరుగుతుంది.

సిరా పరీక్ష తేలకపోతే కొసలోంచి ఐదారు సెంటీమీటర్ల తునక కోసి, ఉలి పెట్టి సుత్తితో చీల్చండి. చీలిన ముఖం చదునుగా ఉంటే నార తిన్నది. మెలి తిరిగి, మెట్లు మెట్లుగా చీలితే ఎదురు నార. చిత్రిక కూడా ఈ మాట చెబుతుంది: ఒకవైపు నున్నగా పోయి తిప్పి పడితే లేచిపోతుంటే నార ఏటవాలు. ఒకే పట్టులో కొంత నున్నగా, కొంత గరుకుగా వస్తుంటే ఎదురు నార. మహాగనిలో కొద్దిపాటి ఎదురు నార మామూలే, దానికి భయపడనక్కరలేదు.

అలలు, పులిచారలు, కళ్లు ఉన్న ముక్కలు అందంగా ఉంటాయి. వాటిని తల ముందుభాగంపై పల్చటి పొరగా అతికించుకోండి.

6. లోపాలు వెతకండి

ముడి ఉన్న చోట నార దాని చుట్టూ తిరుగుతుంది, కాబట్టి మెడ నడుము భాగంలో చిన్న ముడి కూడా ఉండకూడదు. తల చెవులలో, మడమలో చిన్నది ఉంటే సరే. చెట్టు నడిమధ్య దవ్వ ఉన్న ముక్కను తీసుకోకండి, అది ఎప్పటికైనా పగులుతుంది. చేవ లేని తెల్ల భాగం పురుగుకు విందు. గుండుసూది మొనంత రంధ్రాలు, వాటి కింద పిండి లాంటి పొడి కనిపిస్తే ఆ ముక్కను ఇంట్లోకి కూడా తేవద్దు.

సన్నటి నెర్రలు కంటికి ఆనవు. స్పిరిట్‌తో తుడవండి. ముఖమంతా ఆరిపోయినా నెర్ర మాత్రం కాసేపు నల్లటి గీతలా తడిగా నిలుస్తుంది. తరవాత ముక్కను రెండు వేళ్లతో ఒక చివరికి దగ్గరగా పట్టుకుని వేలాడదీసి, వేలి కణుపుతో తట్టండి. ఖంగుమని మోగితే లోపల పగుళ్లు లేవని, బాగా ఆరిందని ఒక సూచన. అట్టపెట్టెలా డబ్‌మంటే మళ్లీ వెతకండి. ఈ ఒక్క తట్టుడుతోనే నాదం తేల్చేసేవాళ్లున్నారు, నాకు అంత విద్య లేదు.

7. ఆరిందో లేదో తేల్చుకోండి

"బాగా ఆరిన కర్రేనండీ" అనే మాట విని కొనకండి. అమ్మేవారు అబద్ధమాడకపోవచ్చు. ద్వారబంధానికి సరిపోయేంత ఆరడం వేరు, మెడకు కావలసినంత ఆరడం వేరు.

ముక్కపై పెన్సిల్‌తో తేదీ, బరువు రాయండి. గాలి ఆడే చోట, ఎండ తగలకుండా, కింద రెండు పుల్లలు పెట్టి ఉంచండి. వారానికోసారి తూచి దానిమీదే రాయండి. వరసగా మూడు వారాలు బరువులో మార్పు ఒకటి రెండు గ్రాములకు మించకపోతే ఆ గది తేమకు అది సర్దుకున్నట్టే. బరువు దిగుతూనే ఉంటే ఆగండి. పచ్చి పలక అయితే అంగుళం మందానికి దాదాపు ఏడాది పడుతుంది. రెండు కొసలకూ కరిగించిన మైనమో, రంగో పూయండి. లేకపోతే కొసలు ముందే ఆరి పగుళ్లిస్తాయి.

అంత ఓపిక లేదనుకుంటే తునకతో లెక్క తేల్చవచ్చు. ముక్క మధ్య నుంచి ఒక చిన్న తునక కోసి వెంటనే తూచండి. ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర పెట్టి, గంటకోసారి తూస్తూ, బరువు ఇక తగ్గనంతవరకు ఉంచండి. మొదట 56 గ్రాములు, చివరకు 50 అయితే, తగ్గిన 6ను 50తో భాగిస్తే 12 శాతం తేమ. 8 నుంచి 12 మధ్య ఉంటే చెక్కడం మొదలుపెట్టవచ్చు. ఓవెన్ దగ్గరే ఉండండి, కర్రను లోపల పెట్టి బజారుకు వెళ్లకండి.

విశాఖలోనో కాకినాడలోనో చేసి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి చలికాలంలో హీటరు వేసుకునే అమెరికా ఇంటికి పంపేవారు ఉన్నారు. సముద్రతీరపు గాలికి సర్దుకున్న కర్ర అక్కడికి వెళ్లాక మళ్లీ ఆరుతుంది. అలాంటప్పుడు చెక్కడానికి ముందు నెల రోజులు ఏసీ గదిలో ఉంచి, మళ్లీ తూచుకోండి.

8. పట్టీ పరీక్ష

మిగులు కర్రలోంచి 45 సెం.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు, సరిగ్గా 5 మి.మీ. మందం ఉన్న పట్టీ ఒకటి తీయండి. సమాన ఎత్తున్న రెండు డబ్బాలపై, మధ్య దూరం 40 సెం.మీ. ఉండేలా పెట్టండి. పట్టీ నడుమ ఎత్తు కొలిచి రాసుకోండి. నిండు లీటరు నీళ్ల సీసాను పట్టీ మధ్యలో తాడుతో వేలాడదీసి మళ్లీ కొలవండి.

5 నుంచి 7 మి.మీ. దిగితే మంచి కర్ర. మహాగని సాధారణంగా 6 మి.మీ. చుట్టూ, టేకు 5 మి.మీ. దగ్గర ఆగుతుంది. 8 వరకు సోప్రానోకు ఫర్వాలేదు. 10 దాటితే ఆ ముక్క మెడకు మెత్తన.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు మందం దగ్గరే. పట్టీ 5 మి.మీ.కు బదులు 4.5 మి.మీ. ఉంటే దిగుడు మూడో వంతుకు పైగా పెరుగుతుంది, మంచి కర్ర కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. నాలుగైదు చోట్ల కొలవండి, కొలిచేందుకు వెర్నియర్ దొరికితే మరీ మంచిది.

సీసాను రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున తీసేశాక పట్టీ మొదటి ఎత్తుకు రావాలి. అర మిల్లీమీటరు కన్నా ఎక్కువ వంపు నిలిచిపోతే ఆ కర్ర తీగల లాగుడుకు నెమ్మదిగా లొంగిపోయే రకం, లేదా ఇంకా పచ్చిగా ఉంది.

9. ముతకగా కోసి, వదిలేయండి

అన్ని పరీక్షలూ దాటిన ముక్కను మెడ ఆకారానికి 3, 4 మి.మీ. ఎక్కువ ఉంచి కోయండి. మెట్ల పలక అతికే పై ముఖాన్ని చిత్రికతో చదును చేసి, స్కేలు ఆనించి, వెనక టార్చి వెలిగించండి. ఎక్కడా వెలుగు తొంగి చూడకూడదు. ఇక రెండు వారాలు దాని జోలికి పోకండి.

తరవాత మళ్లీ స్కేలు, మళ్లీ టార్చి. కొంచెం కదిలితే మళ్లీ చదును చేసి ఇంకో రెండు వారాలు ఆపండి. రెండోసారీ కదిలితే ఆ ముక్కకు మెడ కావాలని లేదు, బలవంతం చేయకండి. కోసేటప్పుడే రంపం బిగుసుకుని, చీలిక దగ్గర రెండు సగాలు తెరుచుకోవడమో మూసుకుపోవడమో జరిగితే లోపల బిగువు దాగి ఉందన్నమాట. దాన్ని అక్కడే పక్కన పెట్టండి.

ఈ విరామంలోనే రెండు తునకలను మీరు వాడబోయే జిగురుతో అతికించి, ఒక రోజు ఆగి, ఉలితో విడదీయండి. కర్ర చిరిగి రావాలి. జిగురు గీత వెంట శుభ్రంగా ఊడితే, టేకు విషయంలో చెప్పినట్టు తుడిచి మళ్లీ ప్రయత్నించండి.

మంచి ముక్క దొరకకపోతే

మూడు సన్నటి పట్టీలను పక్కపక్కన అతికించి మెడ చేయండి. రెండు పక్కలా ఒకే పలక నుంచి కోసిన పట్టీలు, మధ్యలో గట్టి కర్ర పట్టీ. పక్క పట్టీల్లో ఒకదాన్ని తిరగేసి పెడితే ఒకటి అటు లాగితే ఇంకొకటి ఇటు లాగి నిలకడ వస్తుంది. మధ్యలో జిట్రేగి పెట్టాలనిపిస్తే 4 మి.మీ. మించనివ్వకండి, బరువు గుర్తుంచుకోండి. మూడూ ఒకే గదిలో, ఒకే తేమకు ఆరి ఉండాలి. పచ్చిదీ పాతదీ కలిపి అతికిస్తే మూడు కర్రల కొట్లాట మీ మెడలో జరుగుతుంది.

టెనర్ చేస్తున్నవారు, కర్రపై ఏ కాస్త అనుమానమున్నా, మెట్ల పలక కింద గాడి తీసి సన్నటి కార్బన్ పట్టీ దించుకోండి. డ్రోన్లు, బొమ్మ విమానాల సామాను అమ్మేచోట దొరుకుతుంది.

తీగలు కట్టాక చూసుకోవాల్సినవి

శ్రుతి చేసిన రోజున స్కేలు నిలువు అంచును మెట్లపై పొడవునా ఆనించి, నడుమ సందు ఎంతుందో చూడండి. కాగితం దూరేంత నుంచి విజిటింగ్ కార్డు దూరేంత వరకు సరే. వారానికి, నెలకు, ఆరు నెలలకు అదే పని చేసి రాసుకోండి. మొదటి నెలలో కొద్దిగా పెరిగి ఆగిపోతే అది సర్దుబాటు. ఆగకుండా పెరుగుతుంటే తీగలు వదులు చేసి, మెట్ల పలక తీసి సరిచేయడం తప్ప మార్గం లేదు.

ఉకులేలేను ఒళ్లో పెట్టుకుని ఎడమచెయ్యి వదిలేయండి. తల నేలవైపు దిగిపోతే బరువు ఎక్కువైంది. తల మందం ఒక మిల్లీమీటరు తగ్గించి, మడమ లోపలి వైపు కాస్త చెక్కి చూడండి.

నా పనస మెడ ఏమైందని అడుగుతారని తెలుసు. రెండేళ్లు అటక మీద పడుంది. వంగడం పూర్తిగా ఆగిపోయిందని తూకం, స్కేలు రెండూ చెప్పాక, ఇస్త్రీపెట్టెతో కాచి మెట్ల పలక ఊడదీశాను. పై ముఖాన్ని మళ్లీ చదును చేసి, కార్బన్ పట్టీ దించి, పలకను తిరిగి అతికించాను. పన్నెండో మెట్టు దగ్గర ఇప్పుడు అగ్గిపుల్లే దూరుతోంది.